గ్యాస్ మాత్రలు: ఇంట్లో దాచుకునే తీరు, దానమిచ్చే తీరు

(కోటలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో, దాతల సమక్షంలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏడూ జమాఖర్చులు వినిపిస్తాం. పిల్లల ఫీజులు, రంజాన్ సరుకులు, వైద్యానికి అయిన ఖర్చు అన్నీ మీకు ఇచ్చిన కాగితాల్లో ఉన్నాయి. ఈసారి వైద్య సహాయం గురించి మాట్లాడమని కమిటీ చెప్పినప్పుడు పెద్ద జబ్బులను పక్కనబెట్టి ఒక చిన్న విషయం ఎంచుకున్నాం. అది గ్యాస్ మాత్ర. గుండెల్లో మంటకు, పుల్లటి తేన్పులకు, కడుపు ఉబ్బరానికి మనం వేసుకునే మాత్ర, తాగే మందు.

ఎందుకంటే మన కార్యాలయంలో మందుల కోసం పెట్టిన పెట్టెలోకి అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇదే. పాంటాప్రజోల్ సగం షీటు, ఒమెప్రజోల్ గొట్టాలు నాలుగు, రాబెప్రజోల్ ఆరు, అడుగున రెండు మూతల మందు మిగిలిన గులాబీ రంగు సీసా. ఇంట్లో పెద్దాయన కాలం చేశాక ఆయన మందులన్నీ సంచిలో కట్టి తెచ్చి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. డాక్టరు మందు మారిస్తే పాతవి వృథా పోకూడదని ఇచ్చేవాళ్ళు ఉన్నారు. మీ మనసు మాకు తెలుసు. పేదవాడికి పనికొస్తే సవాబు దక్కుతుందనే ఇస్తున్నారు.

కొందరు దాతలు మమ్మల్ని అడిగారు, మేమిచ్చిన మాత్రలు ఎవరికి ఇచ్చారని. సమాధానం సూటిగా చెప్తాం. ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వము కూడా. ఇది మీకు కష్టంగా తోచవచ్చు. కారణం చెప్పడానికే ఈ పావుగంట తీసుకుంటున్నాం. ఆ కారణం మీ ఇంట్లో మీరు వేసుకునే మందుకు కూడా వర్తిస్తుంది కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెడతాం.

అసలు ఈ మందులు ఎలా తయారవుతాయో కొంచెం తెలుసుకుందాం. మన కడుపులో అన్నం అరగడానికి ఆమ్లం ఊరుతుంది. అది పైకి ఎగదన్ని గొంతు దాకా వస్తే మంట. దీనికి వాడే మందులు మూడు రకాలు. మొదటిది ఊరిన ఆమ్లాన్ని అక్కడికక్కడే చల్లార్చేది. జెలుసిల్, డైజీన్ లాంటి సీసా మందులు, నీళ్ళలో వేస్తే పొంగే ఈనో పొడి ఈ రకం. రెండోది ఆమ్లం ఊరడాన్ని కొంత తగ్గించేది. రానిటిడిన్, ఫామోటిడిన్ ఈ రకం. మూడోది ఆమ్లాన్ని ఊరించే పంపునే ఆపేది. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్, అంటే పేరు చివర ప్రజోల్ అని ఉండేవన్నీ ఈ రకం. ఇవాళ డాక్టర్లు ఎక్కువగా రాసేది వీటినే.

ఈ మూడో రకం మందుకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఆమ్లాన్ని ఆపే మందే అయినా ఆమ్లం తగిలితే ఇది తట్టుకోలేదు, విరిగిపోతుంది. అందుకని కడుపు దాటి పేగులోకి చేరేదాకా కరగకుండా దానికి ఒక పూత వేస్తారు. సముద్రం మీదికి పోయే పడవకు నీళ్ళు చొరకుండా పూత పూసినట్టే ఇది కూడా. ఒమెప్రజోల్ గొట్టం విప్పి చూస్తే లోపల తెల్లటి చిన్న గింజలు కనిపిస్తాయి. ఒక్కొక్క గింజకూ విడివిడిగా పూత ఉంటుంది. పాంటాప్రజోల్ బిళ్ళకైతే బిళ్ళ మొత్తానికి పూత ఉంటుంది. అందుకే ఈ బిళ్ళను నూరకూడదు, నమలకూడదు, విరవకూడదు. ముసలివాళ్ళు మింగలేకపోతున్నారని రోట్లో నూరి తేనెలో కలిపి ఇస్తే ఆ మందు కడుపులోనే పాడైపోతుంది. మింగలేనివాళ్ళకు వేరే రూపంలో మందులు ఉంటాయి, డాక్టరును అడగాలి.

ఇప్పుడు ఆ పూతకూ, లోపలి మందుకూ శత్రువులు ఎవరు? చెమ్మ, వేడి. ఒమెప్రజోల్‌కైతే వెలుతురు కూడా. చెమ్మ తగిలితే పూత మెత్తబడుతుంది, లోపలి మందు మెల్లగా విరుగుతుంది. తెల్లగా ఉండాల్సిన గింజలు పసుపుకో, గోధుమ రంగుకో, ఊదా రంగుకో తిరిగితే అది పాడైనట్టే. కానీ రంగు మారనంత మాత్రాన బాగున్నట్టు అనుకోవడానికి లేదు. బలం తగ్గిన మాత్ర పైకి కొత్తదానిలాగే కనిపించవచ్చు. కంటితో చూసి తేల్చే పద్ధతి మన దగ్గర లేదు, మందుల షాపువాళ్ళ దగ్గరా లేదు. ప్రయోగశాలలో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మన ప్రాంతం సంగతి మీకు చెప్పనవసరం లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే నెలలో నెల్లూరు వైపు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఎండలు పోయాక కార్తీకం దాకా ఉక్కపోత, ఆపైన తుఫాను వానలు. ఏడాది పొడుగునా సముద్రం మీది ఉప్పుగాలి. బీరువా తలుపుకు తుప్పు పట్టించే ఆ చెమ్మే మాత్రల షీటును కూడా చేరుతుంది. షీటు మీద చిన్న అక్షరాలతో 25 డిగ్రీల లోపు అనో, 30 డిగ్రీల లోపు అనో, పొడిగా, వెలుతురు తగలకుండా ఉంచాలనో రాసి ఉంటుంది. కంపెనీవాళ్ళు గడువు తేదీ వేసేది ఆ షరతు మీదే. షరతు తప్పితే ఆ తేదీకి విలువ తగ్గిపోతుంది. 2027 దాకా గడువుంది కదా అనే మాట, మందును రాసినట్టు దాచినప్పుడే చెల్లుతుంది.

వేడి నిజంగా అంత పని చేస్తుందా అని అడిగేవాళ్ళకు రానిటిడిన్ కథ చెప్తాం. ఇది 1981లో గ్లాక్సో కంపెనీ జాంటాక్ పేరుతో తెచ్చిన మందు. కొన్నేళ్ళకే ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే మందు అయింది. మన దేశంలో జినెటాక్, రాంటాక్, ఎసిలాక్ లాంటి పేర్లతో ఇంటింటికీ చేరింది. 2019 సెప్టెంబరులో ఈ మందులో ఎన్‌డీఎంఏ అనే మలినం కనిపిస్తోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. మోతాదు మించి చాలాకాలం ఒంట్లోకి పోతే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో ఇది ఒకటి. మొదట ఇది తయారీలో వచ్చిన లోపమేమో అనుకున్నారు. తర్వాత పరీక్షల్లో తేలిందేమిటంటే, ఈ మలినం నిల్వ ఉన్నకొద్దీ మాత్రలోనే పుట్టి పెరుగుతోంది. మామూలు గది వేడి కంటే ఎక్కువ వేడిలో ఉంచితే ఇంకా ఎక్కువగా పెరుగుతోంది. రవాణాలో తగిలే వేడికీ, కొన్నవాళ్ళ ఇళ్ళలో ఉండే వేడికీ కూడా ఇది పెరగగలదని తేలాక, 2020 ఏప్రిల్ 1న రానిటిడిన్ మందులన్నిటినీ అమెరికా మార్కెట్ నుంచి తీసేయమని ఎఫ్‌డీఏ కంపెనీలను కోరింది. మన దేశంలో 2022 సెప్టెంబరులో వచ్చిన అత్యవసర మందుల జాతీయ జాబితాలోంచి రానిటిడిన్‌ను తొలగించారు. జాబితాలోంచి తీసేయడమంటే నిషేధించడం కాదు, ఇక్కడి షాపుల్లో ఆ మందు దొరుకుతూనే వచ్చింది.

ఈ కథ విని ఎవరూ భయపడవద్దు. ఏళ్ళ తరబడి ఆ మాత్ర వేసుకున్న వాళ్ళకు ఏదో అయిపోతుందని మేము చెప్పడం లేదు. ఫామోటిడిన్, ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ మందులను కూడా ఎఫ్‌డీఏ పరీక్షించింది, వాటిలో ఆ మలినం కనిపించలేదు. మీ ఇంట్లో రానిటిడిన్ ఉంటే దాన్ని మానాలా, మార్చాలా అన్నది ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అడగండి. మేము ఈ కథ చెప్పింది ఒక్క సంగతి కోసం. ప్రపంచమంతా ఎక్కువగా మింగిన గ్యాస్ మాత్రే, వేడికి లోపల మారిపోగలదని ఆలస్యంగా బయటపడింది. కాబట్టి మందును ఎక్కడ పెట్టామన్నది చిన్న విషయం కాదు.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. గ్యాస్ మాత్రను మనం ఎక్కువగా పెట్టేది వంటింట్లో. తిండికి ముందు వేసుకోవాలి కాబట్టి పొయ్యి గట్టు పక్కన, మసాలా డబ్బాల నడుమ ఉంటే గుర్తుంటుందని అమ్మలు అక్కడ పెడతారు. పొయ్యి వేడి, అన్నం గంజి ఆవిరి, బిర్యానీ దమ్ము ఆవిరి రోజూ దానికే తగులుతాయి. ఇంట్లో మందుకు అంతకంటే చెడ్డ చోటు స్నానాల గది ఒక్కటే. కిటికీ గట్టు కూడా పనికిరాదు, పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది. టీవీ మీద, ఫ్రిజ్ మీద పెట్టినా ఆ యంత్రాల వేడి తగులుతుంది.

అయితే ఫ్రిజ్ లోపల పెడదామా అని అడుగుతారు. వద్దు. షీటు మీద ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉంటే తప్ప గ్యాస్ మాత్రలను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. బయటికి తీసినప్పుడల్లా చల్లటి షీటు మీద నీటి బిందువులు పడతాయి. ఆ తడి చిరిగిన చోటునుంచి లోపలికి పోతుంది. సీసా మందును గడ్డకట్టే చోట పెడితే అది విరిగి, తర్వాత ఎంత కలిపినా కలవదు. ఇన్సులిన్ ఉన్న ఇళ్ళలో అన్ని మందులూ దానితోపాటే ఫ్రిజ్ తలుపులో పెట్టే అలవాటు ఉంది. ఇన్సులిన్ లెక్క వేరు, మాత్రల లెక్క వేరు.

మరి ఎక్కడ పెట్టాలి? పడకగదిలోనో, నడవలోనో ఎండ పడని గోడకున్న చెక్క అలమారా మంచిది. బయటి గోడ కంటే లోపలి గోడ చల్లగా ఉంటుంది. పై అర కంటే మధ్య అర మేలు, కాకపోతే పిల్లలకు అందకూడదు. బిగుతుగా మూతపడే స్టీలు డబ్బానో, ప్లాస్టిక్ డబ్బానో తీసుకుని మందులన్నీ అందులో వాటి అట్టపెట్టెలతో సహా ఉంచండి. రేకుల ఇంట్లో ఉండేవాళ్ళకు ఈ సలహా సరిపోదని మాకు తెలుసు. రేకు కింద మధ్యాహ్నం ఏ అలమారా అయినా కాగుతుంది. అలాంటి ఇంట్లో మందుల డబ్బాను పైకప్పుకు దూరంగా, నేలకు జానెడు ఎత్తులో, నీడ ఉన్న మూల తాళం వేసిన ట్రంకుపెట్టెలో పెట్టండి. తడి బట్ట చుట్టి చల్లబరిచే పని మాత్రం చేయవద్దు. అన్నిటికంటే మంచి ఉపాయం, ఎక్కువ కొనకపోవడం. పది రోజులకో, పదిహేను రోజులకో సరిపడా కొనుక్కుంటే మందు మీ ఇంటి వేడిలో ఉండేదే పది పదిహేను రోజులు.

ప్రయాణాల సంగతి కూడా ఇంతే. స్కూటరు డిక్కీలో, కారు అద్దం ముందు అరలో మాత్రలు వదిలేసి పనికి పోయేవాళ్ళు ఉన్నారు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటి ఎండ కంటే చాలా ఎక్కువ. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే మన పిల్లలు చొక్కా జేబులో షీటు పెట్టుకుని పగలంతా తిరుగుతారు. ఒంటి చెమట, ఎండ రెండూ దానికి తగులుతాయి. ఆ పూటకు కావలసిన ఒక్క మాత్రను దాని రేకు గూడుతో సహా చిన్న డబ్బీలో తీసుకుపోతే చాలు. గల్ఫ్ నుంచి వచ్చే బిడ్డలు అమ్మీ అబ్బాల కోసం పెద్ద పెద్ద సీసాలు తెస్తారు. ప్రేమతో తెచ్చినవే. కానీ ఆ సీసాలో ఉన్న చిన్న పొడి సంచీని తీసి పారేయవద్దు. చెమ్మను పీల్చడానికే దాన్ని పెట్టారు. దాన్ని మింగకూడదని పెద్దవాళ్ళకు విడమరచి చెప్పండి. మాత్రలను ఆ సీసాలోంచి వేరే డబ్బాలోకి మార్చవద్దు.

షీటును కత్తిరించే విషయం. షాపులో నాలుగు బిళ్ళలు అడిగితే కత్తెరతో కోసి ఇస్తారు. గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఒక్కోసారి షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. మన చేతికి వచ్చినది పేరూ ఊరూ లేని మాత్ర. కోసి ఇచ్చినప్పుడు తేదీ ఉన్న ముక్కను అడగండి, లేదా బిల్లు మీద తేదీ రాయించుకోండి. ఇంట్లో మాత్ర తీసేటప్పుడు కూడా తేదీ లేని కొస నుంచి వాడుతూ రండి. 08/2026 అని ఉంటే ఆగస్టు నెల ఆఖరు దాకా అని అర్థం. వారానికి సరిపడా మాత్రలు ముందే విప్పి గళ్ళ డబ్బాలో పోసుకునే అలవాటు ముసలివాళ్ళకు మేలే, కానీ ప్రజోల్ మందులను మాత్రం రేకు గూడులోంచి వేసుకునే ముందే తీయాలి. గళ్ళ డబ్బాలో పెట్టాల్సి వస్తే గూడుతో సహా కత్తిరించి పెట్టండి.

సీసా మందుకు మూడు పద్ధతులు పాటిస్తే చాలు. మూత తీసిన రోజు తేదీని సీసా మీద రాయండి. వేసుకునే ముందు బాగా కుదపండి, కుదిపినా అడుగున గట్టిపడిన ముద్ద కలవకపోతే పారేయండి. సీసాకు నోరు పెట్టి తాగకుండా దాని మూతతోనే కొలిచి తాగండి. ఈనో లాంటి పొడికి చెమ్మ ఒక్కటే శత్రువు. అందులో సోడా, నిమ్మ ఉప్పు పొడిగా పక్కపక్కన ఉంటాయి, తడి తగిలిన క్షణం రెండూ కలిసి పొంగుతాయి. చిరిగిన పొట్లం రెండు రోజులు గాలికి ఉంటే గ్లాసులో వేసినప్పుడు పొంగదు, గడ్డకడుతుంది. ఈ పొడిలో సోడియం ఉంటుంది కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడవద్దు.

పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గులాబీ రంగు, తియ్యటి రుచి, పుదీనా వాసన. నానీమా మంచం పక్కన ఉన్న ఆ సీసా నాలుగేళ్ళ పిల్లవాడికి మందులా కనిపించదు, షర్బత్‌లా కనిపిస్తుంది. మందును తినుబండారమని చెప్పి ఎప్పుడూ మాన్పించవద్దు, వేయించవద్దు. వాడిన వెంటనే డబ్బాలో పెట్టి మూత వేయడం ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. పిల్లవాడు ఎంత తాగాడో, ఏ మాత్ర మింగాడో తెలియనప్పుడు ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, ఆ సీసానో షీటునో చేతపట్టుకుని ఆసుపత్రికి పోవాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి.

రంజాన్ నెలలో మన ఇళ్ళలో గ్యాస్ మాత్రల వాడకం పెరుగుతుంది. పగలంతా ఖాళీ కడుపు, ఇఫ్తార్‌లో పకోడీలు, సమోసాలు, సహరీ తినగానే పడక. మంట రాక ఏమవుతుంది? సహరీకి లేవగానే చేతికి అందాలని మాత్రలను వంటింటి గట్టు మీదికి తెచ్చేది కూడా ఈ నెలలోనే. దయచేసి డబ్బాను దాని చోటనే ఉంచి, రాత్రి పడుకునే ముందు ఒక్క మాత్ర గూడుతో సహా తీసి పెట్టుకోండి. ప్రజోల్ మందు మామూలుగా తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. ఉపవాసం రోజుల్లో సహరీకి ముందా, ఇఫ్తార్ తర్వాత రాత్రి భోజనానికి ముందా అన్నది రంజాన్ రాకముందే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

తుఫాను రోజులను మరిచిపోకూడదు. 2015 నవంబరులోనూ, మళ్ళీ 2021 నవంబరులోనూ వానలు నెల్లూరు, చిత్తూరు జిల్లాలను ఎలా ముంచాయో మనం చూశాం. స్వర్ణముఖి పొంగినప్పుడు ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో బియ్యం, బట్టలు, మందులు అన్నీ తడుస్తాయి. వరద నీటిలో తడిసిన మాత్ర, షీటు బాగానే కనిపించినా, వాడకూడదు. అక్టోబరు రాగానే మందుల డబ్బాను, దానితోపాటు డాక్టరు రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఎత్తైన చోట పెట్టండి. చీటీ ఉంటే పునరావాస కేంద్రంలోనైనా కొత్త మందు త్వరగా దొరుకుతుంది.

ఇదంతా విన్నాక ఒకరు అడగవచ్చు. గ్యాస్ మాత్రే కదా, కొంచెం బలం తగ్గితే ఏమవుతుంది, మంట తగ్గదు, అంతేగా అని. అంతే అయితే మేము ఇంత చెప్పేవాళ్ళం కాదు. మన సంఘానికి వచ్చే రోగుల్లో కూలి పని చేసేవాళ్ళు ఎక్కువ. నడుము నొప్పికీ, మోకాళ్ళ నొప్పికీ రోజూ నొప్పి బిళ్ళలు వేసుకుంటారు. ఆ బిళ్ళలు కడుపు లోపలి పొరను తినేస్తాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు రక్తం పలచబడటానికి ఆస్పిరిన్ వేసుకుంటారు, దానిదీ అదే గుణం. అందుకే డాక్టరు వాటితోపాటు పాంటాప్రజోల్ రాస్తారు, కడుపులో పుండు పడి రక్తం కారకుండా. ఆ రోగికి మంట ఉండకపోవచ్చు. మాత్ర పనిచేయడం లేదని అతనికి తెలిసే దారి లేదు. తెలిసేది నల్లగా తారులాంటి విరేచనం అయినప్పుడో, రక్తం కక్కినప్పుడో. బలం పోయిన మాత్ర అతనికి కాపలాలేని తలుపు లాంటిది.

ఇంకొక సంగతి. మందు పాడైందని తెలియక మంట తగ్గలేదని రోగి చెప్తే డాక్టరు మోతాదు పెంచుతారు, లేదా గొట్టం వేసి చూసే పరీక్షకు పంపుతారు. గూడూరుకో, నెల్లూరుకో పోవాలి, ఒకరోజు కూలి పోతుంది, పరీక్షకు డబ్బు కట్టాలి. ఉచితంగా ఇచ్చిన మాత్ర చివరికి పేదవాడికి ఖర్చు తెచ్చిపెడుతుంది.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. ఛాతీలో మంట అన్నీ గ్యాస్ కాదు. నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం కూడా డాక్టరుకు చూపించాల్సినవే. నెలల తరబడి సొంతంగా షాపులో కొని వేసుకోవడం మంచిది కాదు.

ఇప్పుడు దానం దగ్గరికి వస్తాం. మందుల దానం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మార్గదర్శకాలు ప్రకటించింది, తర్వాత వాటిని సవరిస్తూ వచ్చింది. అందులో రెండు నియమాలు మనకు సూటిగా సంబంధించినవి. ఒకసారి రోగికి ఇచ్చి వెనక్కి వచ్చిన మందులను దానం చేయకూడదు. దానమిచ్చే మందు చేరే నాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. మొదటి నియమానికి కారణం మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒక ఇంట్లో ఆరు నెలలు ఉన్న షీటు ఎంత వేడి చూసిందో, ఎంత చెమ్మ పీల్చిందో ఎవరూ చెప్పలేరు. చాలా జాగ్రత్తగా దాచిన ఇంటి మందు, పొయ్యి పక్కన పెట్టిన ఇంటి మందు మన పెట్టెలో పక్కపక్కన పడితే రెంటినీ వేరుచేసే దారి లేదు. డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టుదేనని మన దేశంలో 1948 నాటి ఫార్మసీ చట్టం కూడా చెప్తుంది. ఎవరికి ఏది సరిపడుతుందో పెట్టెలోంచి ఏరి ఇవ్వడం మనలాంటి సంఘం చేయగల పని కాదు.

మన దీన్ కూడా ఇదే నేర్పింది. దానమిచ్చేటప్పుడు మన సంపాదనలో మేలైనదాన్ని ఇవ్వాలని, ఎవరైనా మనకిస్తే కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోలేనిదాన్ని ఏరి ఇవ్వకూడదని బఖరా సూరా 267వ ఆయత్ భావం. మీ అబ్బాకు గుండెల్లో మంట వస్తే వేరే ఇంట్లోంచి మిగిలి వచ్చిన, తేదీ తెగిపోయిన మాత్ర వేస్తారా? షాపుకు పరుగెత్తి కొత్తది తెస్తారు. మన దగ్గరికి వచ్చే చాచాకు కూడా అదే దక్కాలి. దాత ఇచ్చినది మన చేతిలో అమానత్. అది తీసుకునేవాడి ఒంట్లోకి వెళ్ళేదాకా దాని బాధ్యత మనదే.

అందుకని దాతలకు మా విన్నపాలు ఇవి. ఒకటి, ఇంట్లో మిగిలిన మందులను పెట్టెలో వేయవద్దు. ఆ మందుకు పెట్టే డబ్బును వైద్య నిధికి ఇవ్వండి. పేరున్న కంపెనీ పాంటాప్రజోల్ కంటే జన ఔషధి కేంద్రంలో దొరికే పాంటాప్రజోల్ చాలా చవక. మీరిచ్చే అదే డబ్బుతో ఎక్కువమంది రోగులకు కొత్త మందు అందుతుంది. రెండు, మందు రూపంలోనే ఇవ్వాలనుకుంటే ముందు మాతో మాట్లాడండి. ఏది కావాలో చెప్తాం. షాపు నుంచి విప్పని పెట్టెను, బిల్లుతో, ఏడాదికి మించిన గడువుతో తీసుకురండి. మూడు, గాలి ఆడే చల్లటి గదిలో ఒక చెక్క అలమారా, గోడకు ఒక ఉష్ణోగ్రత మీటరు, తాళం మన మందుల గదికి కావాలి. ఇది ఎవరైనా ఒక కుటుంబం తమ పెద్దల పేరు మీద సదకా జారియాగా చేయించవచ్చు. నాలుగు, రేకుల ఇళ్ళలో ఉండే మన రోగులకు బిగుతు మూత డబ్బాలు పంచాలని అనుకుంటున్నాం. ఖర్చు చాలా చిన్నది, ఫలితం పెద్దది.

ఇంట్లో మిగిలిపోయినవాటిని ఏం చేయాలంటే, కాలువలో, చెరువులో, స్వర్ణముఖిలో పారవేయవద్దు. చెత్తకుప్ప మీద షీట్లు షీట్లుగా వేస్తే పిల్లలు, పశువులు తింటారు. మాత్రలను గూడుల్లోంచి తీసి, వాడిన టీపొడితోనో మట్టితోనో కలిపి, కవరులో కట్టి, ఆ కవరును చెత్త బండివాళ్ళకు విడిగా చెప్పి ఇవ్వండి. ఖాళీ సీసా మీది పేరును చెరిపేయండి. కేరళలో ప్రభుత్వమే వాడని మందులను ఇళ్ళ నుంచి సేకరించే పథకం మొదలుపెట్టింది. మన దగ్గరా అలాంటిది వచ్చేదాకా ఈ పని మనమే జాగ్రత్తగా చేసుకోవాలి.

ఈ సభ అయ్యాక ఇంటికి వెళ్ళి ఒక్క పని చేయండి. మీ గ్యాస్ మాత్ర ఇప్పుడు ఎక్కడ ఉందో చూడండి. పొయ్యి దగ్గర ఉంటే తీసి అలమారాలో పెట్టండి. తేదీ చూడండి. తేదీ లేకపోతే పక్కన పెట్టి కొత్తది కొనండి. పది నిమిషాల పని.

మీరు ఇచ్చిన ప్రతి రూపాయికీ ఈ సంఘం లెక్క చెప్తుంది. మీరిచ్చే మందు కూడా ఎవరి ఒంట్లో ఏం చేసిందో లెక్క చెప్పగలిగేలా ఉండాలని మా కోరిక.